పరుగు పెంచారు... పట్టు పెంచారా?

*ఇంజిన్ రీమ్యాప్‌కు వేలకు వేలు పోసే కుర్రకారు బ్రేకుల దగ్గరికొచ్చేసరికి రంగు చూసి కొంటోంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు నిజంగా కావలసిన మార్పేది? డబ్బు దండగయ్యేది ఎక్కడ?*

తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డు అలిపిరి దగ్గరికొచ్చేసరికి చదునవుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఆ పక్కన కాసేపు నిలబడితే, కొండ దిగిన కార్లలో కొన్ని మెల్లగా ఎడమకు తప్పుకుని ఆగడం కనిపిస్తుంది. లోపల దర్శనం చేసుకుని వస్తున్న కుటుంబం. కొత్తగా గుండు చేయించుకున్న పిల్లాడు, నాయనమ్మ ఒళ్లో లడ్డూల కవరు. డ్రైవరు సీట్లోంచి పాతికేళ్ల కుర్రాడు దిగి ముందు చక్రం దగ్గర వంగుతాడు. నల్లటి అల్లాయ్ వీల్ సందుల్లోంచి ఎర్రటి క్యాలిపర్, దాని మీద తెల్లటి అక్షరాలు. అక్కడి నుంచి కాలిన వాసన గుప్పున కొడుతోంది. ‘‘చివరి మలుపుల్లో పెడల్ మెత్తబడిపోయింది నాన్నా, రెండుసార్లు తొక్కితే గానీ పట్టలేదు’’ అంటాడు. వెనక సీట్లో మాటలు ఆగిపోతాయి.

దగ్గరికెళ్లి చూస్తే ఆ ఎర్రటిది డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే క్యాలిపర్ కాదు. క్యాలిపర్ మీద జిగురుతోనో క్లిప్పులతోనో అంటించిన తొడుగు. యాక్సెసరీస్ షాపుల్లో జతల లెక్కన అమ్ముతారు. దాని వెనక ఉన్నది కంపెనీవాళ్లు బిగించిన మామూలు సింగిల్ పిస్టన్ క్యాలిపరే. గాలి తగిలి చల్లబడాల్సిన చోట ఈ తొడుగు అడ్డం పడుతోంది. బానెట్ కింద ఇంజిన్ రీమ్యాప్ అయింది, ఎగ్జాస్ట్ మారింది, స్ప్రింగులు పొట్టివయ్యాయి, చక్రాలు పెద్దవయ్యాయి. కారులో మారనివి బ్రేకులు మాత్రమే.

హార్స్‌పవర్ పెరిగింది, డిస్కులు అవే

మన దగ్గర చిన్న కార్ల మాడిఫికేషన్ అనగానే ముందు గుర్తొచ్చేది స్విఫ్ట్. 2005లో వచ్చింది, 2024 నాటికి దేశంలో 30 లక్షలు అమ్ముడైంది. 75 హార్స్‌పవర్ డీజిల్ స్విఫ్ట్ చేతికొచ్చిన ప్రతి ఊళ్లోనూ దానికి రీమ్యాప్ చేసే కుర్రాడొకడు తయారయ్యాడు. తర్వాత పోలో. 2010 నుంచి 2022 దాకా ఇక్కడ అమ్మిన ఈ కారులో 2013లో వచ్చిన జీటీ టీఎస్‌ఐ, 105 హార్స్‌పవర్ టర్బో పెట్రోల్ ఇంజిన్‌తో కుర్రకారును కట్టిపడేసింది. ల్యాప్‌టాప్ తగిలించి సాఫ్ట్‌వేర్ మారిస్తే 130 దాటుతుందని ట్యూనర్లు చెబుతారు. దీన్నే ‘స్టేజ్ వన్’ అంటారు. గంటా రెండు గంటల పని. బయటికొచ్చి యాక్సిలరేటర్ తొక్కగానే తేడా వీపుకు తెలుస్తుంది. వీడియో తీసి పెట్టుకోవచ్చు, పక్కనున్నవాడు ‘అబ్బ’ అంటాడు.

బ్రేకు మార్పుకు ఆ యోగం లేదు. మంచి ప్యాడ్లు వేయించిన కారు, వేయించని కారు పార్కింగ్‌లో పక్కపక్కన పెడితే తేడా కనబడదు. సిటీలో 40 మీద వెళ్తున్నంతసేపూ తెలియదు. తెలిసేది ఒకే ఒక్క రోజు, అదీ ఆలస్యంగా. అందుకే ఖర్చుల జాబితాలో బ్రేకులు ఎప్పుడూ ఆఖరున నిలబడతాయి. ఆఖరుకు వచ్చేసరికి డబ్బులు అయిపోతాయి, ఎర్ర తొడుగుతో సరిపెట్టుకుంటారు.

కార్ల కంపెనీలు ఇలా చేయవు. మారుతి 2017లో బలెనో ఆర్ఎస్ అని 102 హార్స్‌పవర్ టర్బో కారు తెచ్చినప్పుడు వెనక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టింది. హ్యుందాయ్ 2021లో ఐ20 ఎన్ లైన్ తెచ్చినప్పుడు నాలుగు చక్రాలకూ డిస్కులే ఇచ్చింది. ఇంజిన్‌లో ఎంత చేర్చితే ఆపే దగ్గర అంత చేర్చాలన్నది వాళ్ల ఇంజినీర్లకు మొదటి పాఠం.

> మినీ నేర్పిన వరస
> 1959లో వచ్చిన బ్రిటిష్ మినీకి 34 హార్స్‌పవర్ ఇంజిన్, నాలుగు చక్రాలకూ డ్రమ్ములు. రేసు కార్ల నిర్మాత జాన్ కూపర్ చేతిలో పడి 1961లో అది 55 హార్స్‌పవర్ మినీ కూపర్ అయింది. ముందు చక్రాలకు 7 అంగుళాల డిస్కులు చేరాయి. అవి చాలలేదు. 1963లో కూపర్ ఎస్ వచ్చేటప్పుడు డిస్కు 7.5 అంగుళాలైంది, పెడల్‌కు సర్వో సాయం కూడా దొరికింది. 1964, 1965, 1967లలో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది ఈ కారే. మంచు కొండల్లో ఎక్కడం ఎంతో దిగడమూ అంతే అయిన ర్యాలీ అది.

బ్రేకు అసలు పని వేడిని మోయడం

బ్రేకు చేసే పని ఒక్కటే. పరుగులో ఉన్న శక్తిని వేడిగా మార్చి గాల్లోకి వదలడం. టన్ను బరువున్న కారు గంటకు 100 కి.మీ. మీద ఉన్నప్పుడు దానిలో సుమారు 386 కిలోజౌల్స్ శక్తి ఉంటుంది. అదే 140 మీద ఉంటే 756. స్పీడోమీటరు ముల్లు 40 శాతమే జరిగింది, బ్రేకు మోయాల్సింది దాదాపు రెట్టింపైంది. రీమ్యాప్ చేసిన కారుకు అసలు సమస్య ఇక్కడే. కారు బరువు పెరగలేదు కాబట్టి బ్రేకులు సరిపోతాయనుకుంటారు. కానీ రెండు మలుపుల మధ్య ఇదివరకు 90 అందుకునే కారు ఇప్పుడు 110 అందుకుంటోంది.

ఈ వేడి ఎక్కడికి పోతుంది? కారు ముక్కు కిందికి వంగినప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి నాలుగింట మూడు వంతులు ముందు డిస్కుల మీదే పడుతుంది. ఒక్కో డిస్కు 5 కిలోల పోత ఇనుము అనుకుంటే, 100 నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపితే ఆ రెండు డిస్కులూ దాదాపు 60 డిగ్రీలు వేడెక్కుతాయి. చల్లబడే సందివ్వకుండా ఐదుసార్లు ఆపితే 300 డిగ్రీలు దాటేస్తాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 వేగంతో వెళ్తూ ఎప్పుడో ఒకసారి బ్రేకు వేసే కారుకు ఈ బాధ లేదు. ఘాట్ రోడ్డుదీ రేసు ట్రాక్‌దీ వేరే కథ.

తిరుమల లెక్కే చూద్దాం. కొండకూ అలిపిరికీ మధ్య ఎత్తు తేడా 650 మీటర్లనుకుందాం. ఐదుగురితో, సామానుతో కలిపి 1300 కిలోల కారు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి, అదే కారును 100 కి.మీ. వేగం నుంచి 15 సార్లకు పైగా పూర్తిగా ఆపినంత. ఇందులో కొంత గాలి తీసుకుంటుంది, కొంత టైర్లు తీసుకుంటాయి. మిగతాది ఇంజిన్ మోయాలా, బ్రేకులు మోయాలా అన్నది డ్రైవరు ఏ గేరులో దిగుతున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. తిరుపతి ట్యాక్సీ డ్రైవర్లు సెకండ్ గేరులో వేసి, పెడల్ మీద కాలు ఆనించకుండా, మలుపు ముందు మాత్రం గట్టిగా ఒకసారి నొక్కి వదిలేస్తారు. ఏళ్ల తరబడి అదే కారు, అవే డిస్కులు, వాసన ఉండదు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు, బ్రేకు మీద కాలు తీయకుండా దిగేవాళ్లు అలిపిరి దగ్గర ఆగి చక్రాలు చూసుకుంటారు. ఇంజిన్ ఆపేసి దిగితే ఇంకా ప్రమాదం. బ్రేకు బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ ఇంజిన్ నుంచే వస్తుంది, రెండు మూడు నొక్కులకు అది అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

> 28 నిమిషాలు, 40 నిమిషాలు
> తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఇప్పుడు పాత దారి దిగడానికి, కొత్తది ఎక్కడానికి. వాహనాలు ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్నది అక్కడి నియమం. 19 కిలోమీటర్ల దిగుడు దారిని 40 నిమిషాల్లో దిగితే సగటు వేగం గంటకు 29 కి.మీ. లోపే. ఏ కంపెనీ కారు బ్రేకులైనా, బాగున్నంతవరకు, ఆ వేగాన్ని తేలిగ్గా తట్టుకుంటాయి.

పెడల్ ఎందుకు మెత్తబడింది?

ఆ కుర్రాడు మర్నాడు మెకానిక్ దగ్గరికెళ్లి ‘‘అన్నా, పెద్ద డిస్కులు వేయించాలి, ఎంతవుతుంది?’’ అని అడుగుతాడు. అనుభవమున్న మెకానిక్ ధర చెప్పడు. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీస్తాడు. కొత్తగా పోసినప్పుడు లేత తేనె రంగులో పారదర్శకంగా ఉండే ద్రవం నల్లగా మారి ఉంటుంది. ‘‘ఇది ఎప్పుడు మార్చావు తమ్ముడూ?’’ అంటాడు. కారు కొన్నప్పటి నుంచి మార్చలేదు.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. గొట్టాల గుండా, మూత సందుల గుండా ఏడాదికేడాది నీరు చేరుతూనే ఉంటుంది. నీరు చేరిన కొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డిస్కు వేడి ప్యాడ్ గుండా, పిస్టన్ గుండా ఆయిల్‌కు చేరినప్పుడు అది క్యాలిపర్‌లోనే మరిగి ఆవిరి బుడగలవుతుంది. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలు ఎంత తొక్కినా ఆ బలం బుడగను నలపడానికే పోతుంది. మెత్తబడిన పెడల్ వెనక ఉన్నది అదే.

అలిపిరిలో ఆగిన కార్లకు కావలసిన మొదటి మార్పు పెద్ద డిస్కు కాదు. కొత్త బ్రేక్ ఆయిల్, పూర్తిగా గాలి తీయడం. ఖర్చు వందల్లో. కంపెనీలు సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటాయి. రీమ్యాప్ చేసి ఘాట్లు తిరిగేవాళ్లు ఏటా మార్చుకోవడం మంచిది.

వాసన వేరే సంగతి చెబుతుంది. అది ప్యాడ్‌ది. ప్యాడ్‌లో ఇనుము రజను, పీచు, రెజిన్ కలిపి ఒత్తి ఉంటాయి. ఒక హద్దు దాటి వేడెక్కితే రెజిన్ మాడి ప్యాడ్ పట్టు వదిలేస్తుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. పెడల్ మెత్తబడితే ఆయిల్, పెడల్ గట్టిగా ఉండి కారు జారితే ప్యాడ్. ఈ రెండింటి తేడా తెలిస్తే షాపులో సగం మోసం తప్పుతుంది.

> డబ్బా మీద అంకెలు
> డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు చేరాక 140 దాకా. డాట్ 4కు ఇవి 230, 155. డాట్ 5.1కు 260, 180. ఈ మూడూ ఒకే జాతివి. డాట్ 5 మాత్రం సిలికోన్ ద్రవం. దాన్ని వీటితో కలపకూడదు. పేరు 5.1కు దగ్గరగా ఉందని పొరబడితే మొత్తం బ్రేకు వ్యవస్థ పాడవుతుంది. సీలు తీసి నెలలుగా అటక మీదున్న డబ్బాలోది పోయించుకోవద్దు.

ఆపేది టైరే

డిస్కు ఎంత పెద్దదైనా, క్యాలిపర్‌కు ఎన్ని పిస్టన్లున్నా, ఆఖరుకు రోడ్డును పట్టుకునేది ఒక్కో చక్రం కింద అరచేయంత రబ్బరు. ఖాళీ రోడ్డు, వెనకెవరూ లేని చోట, 50 వేగంలో పెడల్‌ను ఒక్కసారి బలంగా తొక్కి చూడండి. కాలి కింద టకటకమని ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు) కొట్టుకుంటే మీ బ్రేకులకు టైరు కన్నా ఎక్కువ బలముంది. అలాంటి కారుకు పెద్ద డిస్కు వేయించినా అది ఒక్క మీటరు కూడా ముందుగా ఆగదు. వేడెక్కినా అదే బలం నిలబెట్టడమే పెద్ద డిస్కు పని. ఈ ఒక్క మాట అమ్మేవాడు చెప్పడు.

ఏబీఎస్ మన దేశంలో కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, మిగతా కార్లకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది. అంతకు ముందు కొన్న కింది వేరియంట్లలో చాలావాటికి అది లేదు. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మాడిఫై చేయడానికి ఎగబడి కొనే పాత స్విఫ్టులు ఎక్కువగా ఇవే. వాటికి బలమైన బ్రేకులు బిగిస్తే వాన రోడ్డు మీద చక్రం ఇట్టే బిగుసుకుపోతుంది, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ఏబీఎస్ లేని కారుకు బ్రేకు అప్‌గ్రేడ్ చేయించేముందు పదిసార్లు ఆలోచించాలి.

స్విఫ్ట్ కింది వేరియంట్లకు వచ్చిన 165 సైజు టైరు స్థానంలో, పై వేరియంట్ వాడే 185 సైజులో మంచి కంపెనీ టైర్లు వేయించడం చాలామందికి దొరికే అతి పెద్ద బ్రేకు అప్‌గ్రేడ్. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే నిబంధన ప్రకారమే ఆ టైరు పనికిరాదు. వానాకాలానికి అంతదాకా ఆగడం కూడా ప్రమాదమే. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2323 అంటే 2023లో 23వ వారంలో తయారైందని. గాడి నిండుగా ఉన్నా ఏళ్లు గడిచి గట్టిపడిన రబ్బరు తడి రోడ్డు మీద పట్టదు.

ప్యాడ్లు: ఎవరి దారికి ఏది

టైరు, ఆయిల్ సరిగా ఉన్న కారుకు తర్వాతి మార్పు ప్యాడ్లు. డబ్బుకు తగ్గ ఫలితం నిజంగా దొరికేది ఇక్కడే. కంపెనీ ప్యాడ్లు చప్పుడు చేయకుండా, డిస్కును తినేయకుండా, చల్లగా ఉన్నప్పుడే పట్టేలా తయారు చేసినవి. వాటి బలహీనత బాగా వేడెక్కినప్పుడు. ఇంగ్లండులోని ఈబీసీ, అక్కడే పుట్టిన ఫెరోడో, ఇటలీ మూలాలున్న బ్రెంబో లాంటి కంపెనీలు ఇంకాస్త వేడి తట్టుకునే ప్యాడ్లు అమ్ముతాయి. ఈబీసీలో రంగును బట్టి గ్రేడు మారుతుంది, గ్రీన్, రెడ్, ఎల్లో అని పేర్లు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడ. రేసు ప్యాడ్ అంటే అన్నిటికన్నా మంచిదనుకుంటారు. రేసు ప్యాడ్‌కు పని మొదలవ్వాలంటేనే వేడి కావాలి. పొద్దున్నే ఇంటి నుంచి బయల్దేరి సందు మలుపులో స్కూలు పిల్లలు అడ్డొచ్చినప్పుడు ఆ ప్యాడ్ చల్లగా ఉంటుంది, కంపెనీ ప్యాడ్ కన్నా తక్కువ పడుతుంది. కిర్రుమని అరుస్తుంది, డిస్కును అరగదీస్తుంది, అల్లాయ్ మీద నల్ల దుమ్ము పోస్తుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న 3.7 కిలోమీటర్ల ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు వేరే సెట్టు ఉండాలి. ట్రాక్ రోజు వేసుకుని, ఇంటికొచ్చేముందు విప్పేయాలి. రోజూ ఆఫీసుకు, నెలకోసారి అరకుకో శ్రీశైలానికో వెళ్లే కారుకు ‘ఫాస్ట్ రోడ్’ రకం ప్యాడే సరైనది.

ఐరోపాలో ‘ఆర్90’ అని ఒక నియమం ఉంది. విడిగా అమ్మే ప్యాడ్ పనితీరు కంపెనీ ప్యాడ్‌కు 15 శాతం అటూ ఇటూగా ఉండాలంటుంది. డబ్బా మీద ఆ ముద్ర ఉన్న ప్యాడ్ కొంటే కనీసం ఒక భరోసా. రంగు రంగుల డబ్బాలో, పేరు చిన్న తేడాతో రాసి, సగం ధరకు దొరికే నకిలీలు మార్కెట్లో ఉన్నాయి. అలాంటిచోట మిగిలే వెయ్యి రూపాయలకు అర్థం లేదు.

కొత్త ప్యాడ్ వేయగానే పని అయిపోదు. ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలుచటి పొరగా అంటుకోవాలి. దీన్ని మెకానిక్‌లు బెడ్డింగ్ అంటారు. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు మధ్యస్థంగా బ్రేకు వేసి, తర్వాత కాలు పెట్టకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లార్చాలి. ఒక్కో కంపెనీ చెప్పే పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది, డబ్బాలోని కాగితం చదవాలి. ఈ అరగంట ఇవ్వకుండా ‘ప్యాడ్లు బాగాలేవు’ అని తిరిగొచ్చేవాళ్లు ఎందరో.

పెద్ద డిస్కు, పెద్ద ఖర్చు

ఇవన్నీ చేశాక కూడా ట్రాక్‌లోనో ఘాట్‌లోనో బ్రేకులు అలసిపోతుంటే, అప్పుడు డిస్కు మాట. పెద్ద డిస్కుకు రెండు లాభాలు. చక్రం మధ్య నుంచి ప్యాడ్ దూరంగా పట్టుకుంటుంది కాబట్టి అదే నొక్కుకు ఎక్కువ బలం. ఇనుము ఎక్కువ కాబట్టి ఎక్కువ వేడి మోస్తుంది. పోలో యజమానులకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో చాలా భాగాలు ఒకే కుటుంబానివి కాబట్టి పెద్ద మోడళ్లకు వచ్చే 288 మిల్లీమీటర్ల డిస్కు, దానికి తగ్గ క్యాలిపర్, క్యారియర్ తెచ్చి బిగించుకునేవాళ్లున్నారు. కంపెనీ పరీక్షించిన భాగాలు, ఎక్కడైనా దొరికే ప్యాడ్లు. విదేశీ నాలుగు పిస్టన్ల కిట్‌కు లక్షకు పైన పోసేకన్నా ఇది తెలివైన దారి.

అయితే చిక్కులూ ఉన్నాయి. పెద్ద డిస్కు 14 అంగుళాల చక్రంలో పట్టదు. పెద్ద చక్రం బరువు, ఆ బరువు గుంతల్లో సస్పెన్షన్ మీద పడుతుంది. క్యాలిపర్ పిస్టన్లు పెద్దవైతే వాటిని కదపడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, మాస్టర్ సిలిండర్ పాతదే అయితే పెడల్ లోతుగా వెళ్తుంది. వీటన్నిటి కన్నా ముఖ్యమైనది ముందు వెనక పొత్తు. ముందు బలం మాత్రం పెంచేస్తే ముందు టైర్లు తొందరగా హద్దుకు చేరతాయి, వెనక బ్రేకులు ఊరికే ఉంటాయి. కారు ఆగే దూరం పెరిగినా ఆశ్చర్యం లేదు. వెనక బలం మాత్రం పెంచేస్తే ఇంకా ఘోరం. వెనక చక్రాలు మొదట పట్టు తప్పితే కారు తోక తిప్పేస్తుంది. కంపెనీ ఇంజినీర్లు నెలల తరబడి తడిలో, ఎండలో, బరువుతో, ఖాళీగా నడిపి కుదిర్చిన పొత్తును ఒక మధ్యాహ్నంలో మార్చేస్తున్నామన్న ఎరుక ఉండాలి.

డ్రిల్ చేసిన డిస్కులు, అంటే చిల్లులు పెట్టినవి, చూడటానికి బాగుంటాయి. మామూలు పోత డిస్కుకు చిల్లులు వేస్తే వేడికి ఆ చిల్లుల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. చిన్న కారుకు గట్టి, చిల్లుల్లేని వెంటిలేటెడ్ డిస్కే మేలు. గాడులున్నవి పర్వాలేదు.

స్టీల్ అల్లిక బ్రేకు హోసుల గురించి కూడా అడుగుతుంటారు. ఏళ్ల తరబడి వాడిన రబ్బరు హోసు ఒత్తిడికి ఉబ్బుతుంది. కొత్త హోసు వేస్తే పెడల్ బిగువుగా తెలుస్తుంది. ఆగే దూరం తగ్గదు, కాలికి నమ్మకం వస్తుంది. ఆయిల్ మార్చేటప్పుడు కలిపి చేయిస్తే పని ఒక్కసారితో పోతుంది.

వెనక డ్రమ్ములు తీసేయాలా?

‘వెనకా డిస్కులుంటేనే కారు’ అన్న మాట షోరూముల నుంచి వాట్సాప్ గ్రూపుల దాకా పాకింది. కానీ 1976లో వచ్చిన మొదటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐకి 110 హార్స్‌పవర్, ముందు వెంటిలేటెడ్ డిస్కులు, వెనక డ్రమ్ములు. హాట్ హ్యాచ్ అనే జాతికే మూలపురుషుడైన కారు అది. తేలికైన ముందు చక్రాల డ్రైవ్ కారులో వెనక బ్రేకుకు పని తక్కువ, డ్రమ్ముకు అది చాలు. హ్యాండ్‌బ్రేకుగా డ్రమ్ము బాగా పట్టుకుంటుంది కూడా. డిస్కు మార్చాలంటే హబ్బు, హ్యాండ్‌బ్రేకు ఉన్న క్యాలిపర్, కేబుళ్లు, ఏబీఎస్ సెన్సార్లు అన్నీ కుదరాలి. అందులో ఒకటి తప్పినా వాలులో ఆపిన కారు నిలబడదు.

ఆ డబ్బుతో చేయదగిన పని వేరే ఉంది. డ్రమ్ములు విప్పి దుమ్ము దులిపి, షూలు చూసి, అడ్జస్టర్ తుప్పు పట్టి బిగుసుకుపోయిందేమో చూడాలి. అది బిగుసుకుపోతే షూలు దూరంగా ఉండిపోతాయి, పెడల్ లోతుగా వెళ్తుంది, హ్యాండ్‌బ్రేకు పైకి పైకి లేస్తుంది. సర్వీసులో చాలాచోట్ల వెనక డ్రమ్ము విప్పకుండానే బిల్లులో రాసేస్తారు. ముందు క్యాలిపర్ స్లైడ్ పిన్నులకు గ్రీజు పెట్టడం కూడా అంతే. పిన్ను బిగుసుకుపోతే ఒకవైపు ప్యాడే అరుగుతుంది, బ్రేకు వేస్తే కారు పక్కకు లాగుతుంది. డిస్కు అంచునో మధ్య భాగంలోనో కనీస మందం అంకె చెక్కి ఉంటుంది. లేత్ పట్టించి పట్టించి అంతకన్నా పలుచబడిన డిస్కుతో తిరిగే కార్లు తక్కువేమీ కావు.

> లే మాన్ నుంచి వీధిలోకి
> 1953లో జాగ్వార్ సీ టైప్ కార్లు డన్‌లప్ డిస్కు బ్రేకులతో లే మాన్ 24 గంటల రేసు గెలిచాయి. మిగతావాళ్లు డ్రమ్ములు వేడెక్కకుండా ముందునుంచే వేగం తగ్గించుకుంటుంటే, జాగ్వార్లు మలుపు దాకా వేగంగా వెళ్లి ఆగగలిగాయి. రెండేళ్లకే, 1955లో, సిత్రోయెన్ డీఎస్ ముందు డిస్కులతో మామూలు కుటుంబాల చేతికొచ్చింది.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణతో సెక్షన్ 182ఎ వచ్చింది. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. అరిగిన ప్యాడ్లు, డిస్కులు, ఆయిల్, హోసులు అదే ప్రమాణంలో మార్చుకోవడం మామూలు నిర్వహణ. వేరే కారు క్యాలిపర్లు, వెనక డిస్కు కన్వర్షన్, ఇంజిన్ రీమ్యాప్ ఆ గీత దాటినవే. జర్మనీలో బ్రేకు కిట్ బిగించాలంటే ఆ కిట్‌కు, ఆ మోడల్ కారుకు కలిపి ఆమోద పత్రం ఉండాలి, తనిఖీ కావాలి. మన దగ్గర చిన్న కార్లకు అలాంటి దారి చూపించనంతవరకు, మంచి బ్రేకులు కోరుకునేవాడూ పిచ్చి సైలెన్సర్ పెట్టుకునేవాడూ ఒకే గాటన పడుతున్నారు. ఇది మార్చాల్సిన పద్ధతి.

బీమా ఇంకో పక్క. మార్పులు ముందే కంపెనీకి చెప్పి పాలసీలో ఎక్కించకపోతే ప్రమాదం తర్వాత క్లెయిమ్ దగ్గర పేచీ తప్పదు. డబ్బు సంగతి అలా ఉంచితే, 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలో రాసినవే. రీమ్యాప్ చేయించే ప్రతి కుర్రాడి ఇంట్లోనూ ఈ అంకె తెలిసి భయపడే తల్లి ఉంటుంది. ఆమె భయానికి అర్థముంది. 100 వేగంలో ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లే ఒక్క సెకనులోనే కారు 28 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ తర్వాత బ్రేకులు బాగున్నా చిన్న కారు పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 40, 50 మీటర్లు అడుగుతుంది.

రీమ్యాప్ చేసిన స్విఫ్టో పోలోనో ఉన్న చాలామందికి లక్ష రూపాయల కిట్ అవసరం లేదు. మంచి టైర్లు, కొత్త డాట్ 4 లేదా కారు మాన్యువల్ ఒప్పుకుంటే 5.1 ఆయిల్, ఫాస్ట్ రోడ్ ప్యాడ్లు, విప్పి శుభ్రం చేసిన డ్రమ్ములు. ఇవన్నీ కలిపినా రీమ్యాప్‌కు, ఎగ్జాస్ట్‌కు పెట్టినంత కాదు. ఇంట్లో కుర్రాడు ‘స్టేజ్ వన్’ అంటే ఒక్క షరతు పెట్టండి, ముందు బ్రేకుల బిల్లు చూపించమని. ఈసారి కారు సర్వీసుకు ఇచ్చేటప్పుడు బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో అడగండి. రెండేళ్లు దాటితే అక్కడే నిలబడి మార్పించుకోండి, గాలి తీసేదాకా ఉండండి. చక్రాలకు ఎర్ర తొడుగులు ఉంటే అదే రోజు పీకించేయండి.